వినికిడి యంత్రానికి ప్రభుత్వ సాయం

తక్కువ ఆదాయం ఉన్నవారి కోసం పెట్టిన పథకాల్లో ప్రభుత్వం వినికిడి యంత్రాన్ని ఇస్తుంది. యంత్రం కొనుక్కున్న డబ్బును తిరిగి ఇవ్వదు. ఈ సంగతి ముందు తెలియక చాలా కుటుంబాలు నష్టపోతున్నాయి. అప్పుచేసి దుకాణంలో చెవి మిషన్ కొన్నాక ఆ బిల్లు పట్టుకుని కలెక్టరేట్‌కు వెళితే అక్కడివారు చేయగలిగింది ఏమీ ఉండదు. ముందు పరీక్ష, తర్వాత ధ్రువపత్రం, ఆ తర్వాత దరఖాస్తు, చివరికి యంత్రం. ఈ వరుస తప్పకపోతేనే సాయం అందుతుంది. బిల్లు పెట్టి డబ్బు తీసుకునే సౌకర్యం కొందరు ఉద్యోగులకూ పెన్షనర్లకూ మాత్రమే ఉంది. వాళ్లు కూడా కొనే ముందు అనుమతి తీసుకోవడం క్షేమం.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు తేలారు. ఇంటికి వచ్చిన ఎన్యూమరేటర్ అడిగిన ప్రశ్నకు ఇంట్లోవాళ్లు చెప్పిన జవాబు అది. వయసు మీదపడితే చెవుడు మామూలే అనుకునే ఇళ్లలోని తాతలూ అమ్మమ్మలూ ఆ జవాబులోకి వచ్చారో లేదో అనుమానమే. కళ్లు మసకబారితే ఆపరేషన్ చేయించే ఇంట్లోనే, చెవి వినపడకపోతే గట్టిగా అరిచి సరిపెట్టుకుంటారు. సాయం అందకపోవడానికి మొదటి కారణం పథకాలు లేకపోవడం కాదు, అడిగేవారు లేకపోవడం.

ఎవరికి ఏ పథకం వర్తిస్తుందన్నది నాలుగు విషయాలను బట్టి ఉంటుంది: వయసు, కుటుంబ ఆదాయం, చేసే లేదా చేసిన ఉద్యోగం, వినికిడి ఎంత తగ్గింది అన్నది. మొదటి మూడూ ఇంట్లో కూర్చుని చెప్పుకోవచ్చు. నాలుగోది పరీక్షలో తేలాల్సిందే.

మొదటి కాగితం: ఆడియోగ్రామ్

వినికిడి తగ్గిందని అనిపించగానే వెళ్లాల్సింది మిషన్లు అమ్మే చోటుకు కాదు, చెవి ముక్కు గొంతు వైద్యుల దగ్గరికి. గులిమి గట్టిపడి చెవి మూసుకుపోయినా, కర్ణభేరికి రంధ్రం పడి చీము కారుతున్నా, మధ్యచెవిలో నీరు చేరినా వినికిడి తగ్గుతుంది. వీటిలో చాలావాటికి మందో, చిన్న శుభ్రతో, ఆపరేషనో సరిపోతుంది. చీము కారే చెవిలో యంత్రం పెడితే ఉన్న జబ్బు ముదురుతుంది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఈ ఒక్క విభాగం కోసమే నడుస్తున్నాయి. మిగతా చోట్ల బోధనాసుపత్రులూ జిల్లా ఆసుపత్రులూ ఉన్నాయి. 2007లో ప్రయోగాత్మకంగా మొదలైన జాతీయ చెవుడు నివారణ, నియంత్రణ కార్యక్రమం ఉద్దేశాల్లో ఒకటి జిల్లా ఆసుపత్రి స్థాయిలో వినికిడి పరీక్షలు అందుబాటులోకి తేవడం.

వైద్యుడు చెవి చూశాక ఆడియాలజిస్టు పరీక్ష చేస్తారు. శబ్దం రాని గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక్కో స్థాయిలో చిన్నచిన్న కూతలు వినిపిస్తారు. వినపడినప్పుడల్లా చెయ్యి ఎత్తడమో మీట నొక్కడమో చేయాలి. దీన్నే ప్యూర్‌టోన్ ఆడియోమెట్రీ అంటారు. ఫలితం ఒక గ్రాఫ్‌గా వస్తుంది, అదే ఆడియోగ్రామ్. కుడిచెవికి ఎర్ర సున్నాలు, ఎడమచెవికి నీలం ఇంటూ గుర్తులు వేస్తారు. గీత కిందికి దిగేకొద్దీ నష్టం ఎక్కువని అర్థం. చెయ్యి ఎత్తి చెప్పలేని పసిపిల్లలకు బెరా అనే పరీక్ష చేస్తారు. తలకు చిన్న తీగలు అంటించి, బిడ్డ నిద్రపోతుండగా శబ్దానికి వినికిడి నాడి, మెదడు కాండం ఎలా స్పందిస్తున్నాయో యంత్రం నమోదు చేస్తుంది. పెద్దవాళ్లు చెప్పే జవాబుల మీద అనుమానం వచ్చినా ఇదే పరీక్ష రాస్తారు. బెరాకు పిలిచారంటే అవమానంగా భావించక్కర్లేదు. నిజంగా లోపం ఉన్నవారికి అది బలమైన సాక్ష్యం.

ఈ ఆడియోగ్రామ్ అసలు కాగితాన్ని ఎవరికీ ఇచ్చేయకూడదు. నాలుగైదు జిరాక్సులు తీయించి, ఫోన్‌లో ఫొటో కూడా ఉంచుకోవాలి. ఇకముందు వచ్చే ప్రతి మెట్టు దగ్గరా ఇది అడుగుతారు.

శాతం ఎలా కడతారు

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. మాటలు వినపడే స్థాయుల్లో రెండు చెవులకూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉన్నవారిని పాక్షిక వినికిడి లోపం ఉన్నవారిగా, 70 డెసిబెల్స్ నష్టం ఉన్నవారిని బధిరులుగా ఈ చట్టం గుర్తిస్తుంది. చాలా పథకాలు చూసే గీత మాత్రం ఇంకొకటి, 40 శాతం వైకల్యం.

ఈ శాతం కట్టే పద్ధతి తెలిస్తే చాలామందికి అనవసరమైన ఆశా, అనవసరమైన నిరాశా రెండూ తప్పుతాయి. ముందు ఒక్కో చెవికి 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర వచ్చిన నష్టాల సగటు తీస్తారు. ఆ సగటును బట్టి పట్టికలో ఆ చెవి శాతం చూస్తారు. తర్వాత రెండు చెవులనూ కలుపుతారు. ఇక్కడ బాగా వినపడే చెవికి ఐదు వంతులు, తక్కువ వినపడే చెవికి ఒక్క వంతు బరువు ఉంటుంది. మంచి చెవి శాతాన్ని ఐదుతో హెచ్చించి, రెండో చెవి శాతాన్ని కలిపి, ఆరుతో భాగిస్తారు. ఒకరికి మంచి చెవి 50 శాతం, రెండోది 80 శాతం అనుకుంటే, 250కి 80 కలిపితే 330, ఆరుతో భాగిస్తే 55. ఆ వ్యక్తికి 55 శాతం వైకల్యం.

ఒక చెవి పూర్తిగా పోయి, రెండోది బాగున్నవారి లెక్క చూస్తే ఈ పద్ధతి ఎంత కఠినమో అర్థమవుతుంది. సున్నాకు 100 కలిపి ఆరుతో భాగిస్తే 17 శాతం కూడా రాదు. అలాంటివారు ఎన్నిసార్లు వైకల్య పరీక్షకు వెళ్లినా 40 శాతం సర్టిఫికెట్ రాదు. అది డాక్టరు పక్షపాతం కాదు, లెక్కే అంత. అదే మంచి చెవి కూడా 30 శాతం దాకా దెబ్బతిని, రెండోది పూర్తిగా పోయి ఉంటే 41 దాటుతుంది. అంటే మంచి చెవిలో వచ్చే మార్పే ఫలితాన్ని తేలుస్తుంది. ఒకసారి తక్కువ శాతం వచ్చినవారు, మంచి చెవి తర్వాత ఇంకా మందగించిందని అనిపిస్తే, మళ్లీ పరీక్ష చేయించుకోవడంలో అర్థం ఉంది.

చట్టం లెక్కలో 40 శాతం లోపు పడ్డవారికి ఇబ్బంది లేదని కాదు. 50 డెసిబెల్స్ నష్టం ఉన్న టీచరుకు వెనక బెంచీ పిల్లల మాట వినపడదు. బస్సు కండక్టరుకు స్టాపు పేరు వినపడదు. యంత్రం అవసరం వాళ్లకు పూర్తిగా ఉంది, 40 శాతం గీత మాత్రం వాళ్లను దాటి పైన ఉంది. ఈ గీతను ఇంకా కిందికి దించాల్సిన అవసరం నిజంగా ఉంది. అంతవరకూ వాళ్లకు మిగిలే దారులు అరవై దాటినవారి పథకం, ఉద్యోగానికి సంబంధించిన వైద్య సదుపాయాలు.

సదరం, యూడీఐడీ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సదరం పద్ధతిలో వైకల్య పరీక్షా, సర్టిఫికెట్ జారీ కంప్యూటర్ ద్వారా సాగుతాయి. మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ వార్డు సచివాలయంలో కూడా, ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలి. తేదీ, ఆసుపత్రి పేరు ఉన్న రసీదు ఇస్తారు. ఆ రోజు ఆధార్, ఫొటో, పాత పరీక్షల కాగితాలతో వెళితే వైద్యులు పరీక్షించి శాతం నమోదు చేస్తారు. కేంద్రం దేశమంతటికీ కలిపి తెచ్చిన కార్డు యూడీఐడీ. స్వావలంబన్ కార్డు పోర్టల్‌లో దీనికి దరఖాస్తు చేయాలి. తెలంగాణ ఇప్పుడు వైకల్య సర్టిఫికెట్ పనిని కూడా యూడీఐడీ పోర్టల్ వైపే మళ్లించింది. హైదరాబాద్‌లో తీసుకున్న యూడీఐడీ కార్డు బెంగళూరులోనూ ముంబయిలోనూ చెల్లుతుంది కాబట్టి వలస వెళ్లి పనిచేసుకునే తెలుగువాళ్లు దాన్ని తప్పక తీసుకోవాలి.

చాలా ఇళ్లలో సదరం సర్టిఫికెట్ అంటే పింఛన్ కాగితం అనే అభిప్రాయం ఉంది. పింఛన్ మంజూరైన రోజున దాన్ని ట్రంకుపెట్టెలో దాచేస్తారు. ఆ కాగితంతోనే వినికిడి యంత్రం వస్తుందని, బస్సు పాసులో రాయితీ అడగొచ్చని, పిల్లలైతే బడిలో సదుపాయాలు కోరవచ్చని చెప్పేవారు తక్కువ. పింఛన్ తీసుకుంటూ పదేళ్లుగా యంత్రం లేకుండా ఉన్నవారు ఊరికి ఒకరిద్దరైనా కనిపిస్తారు. అలాంటి వ్యక్తి ఎదురైతే పంచాయతీ సిబ్బందో, ఆశా కార్యకర్తో, చదువుకున్న పొరుగువారో పూనుకుని ఒక దరఖాస్తు రాయిస్తే చాలు.

పేర్లలో తేడా ఈ మొత్తం పనిలో ఎక్కువ ఇబ్బంది పెట్టే విషయం. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉండి, సర్టిఫికెట్‌లో వెనక ఉంటే కంప్యూటర్ ఇద్దరు మనుషులుగా చూస్తుంది. స్లాట్ బుక్ చేసేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఫోన్ నంబర్ కూడా ఇంట్లో ఎప్పుడూ ఎత్తే మనిషిదై ఉండాలి, ఎందుకంటే చెవి వినపడని వ్యక్తికి వచ్చే ఫోన్‌కు జవాబు చెప్పాల్సింది మరొకరే.

శాతం తప్పుగా వచ్చిందని అనిపిస్తే రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన గడువులోగా అప్పీలు చేసుకునే హక్కు చట్టం కింద ఉంది. అప్పీలుకు వేరే ప్రభుత్వాసుపత్రిలో తీసిన కొత్త ఆడియోగ్రామ్ జతచేస్తే వాదనకు బలం వస్తుంది.

అడిప్ పథకం

వైకల్యం ఉన్నవారికి ఉపకరణాలు అందించడానికి కేంద్రం 1981లో మొదలుపెట్టిన పథకం అడిప్. చక్రాల కుర్చీలు, కృత్రిమ కాళ్లు, వినికిడి యంత్రాలు అన్నీ దీని కిందికే వస్తాయి. వీటిని ఎక్కువగా తయారుచేసి పంచేది కాన్పూర్‌లోని ఆలిమ్‌కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. దాన్ని 1972లో నెలకొల్పారు.

అర్హతలు ఇవి. భారత పౌరుడై ఉండాలి. వయసు పరిమితి లేదు. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్య ధ్రువపత్రం ఉండాలి. అన్ని మార్గాల్లో కలిపి నెలకు వచ్చే ఆదాయం 30,000 రూపాయలు దాటకూడదు. 22,500 లోపు ఉంటే యంత్రం పూర్తిగా ఉచితం, ఆ పైన 30,000 దాకా ఉంటే సగం ధర కట్టాలి. తల్లిదండ్రుల మీద ఆధారపడినవారికి తల్లిదండ్రుల ఆదాయం చూస్తారు. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం దీనికి సరిపోతుంది. ఇదే అవసరానికి గత మూడేళ్లలో ప్రభుత్వం నుంచి ఉపకరణం తీసుకుని ఉండకూడదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఈ గడువు ఒక్క ఏడాదే, ఎదిగే పిల్లల అవసరాలు త్వరగా మారతాయి కాబట్టి.

ఈ పథకం కింద పంపిణీ సాధారణంగా రెండు శిబిరాల్లో జరుగుతుంది. మొదటి శిబిరంలో ఎవరికి ఏది కావాలో గుర్తిస్తారు. యంత్రాలు తెప్పించాక రెండో శిబిరంలో పంచుతారు. ఈ రెంటి మధ్య నెలలు గడవచ్చు. మొదటి శిబిరంలో ఇచ్చిన చీటీ పోగొట్టుకున్నవారు, ఫోన్ నంబర్ మార్చుకున్నవారు రెండో శిబిరం సంగతి తెలియక మిగిలిపోతుంటారు. శిబిరాల తేదీలు ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో, తెలంగాణలో జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో తెలుస్తాయి. శిబిరం దాకా ఆగలేనివారు జాతీయ సంస్థలకు నేరుగా వెళ్లొచ్చు. వినికిడి, వాక్కు లోపాల కోసం ముంబయిలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. నెల్లూరులో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్రం నడిపే సమ్మిళిత ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇలాంటి చోట్ల పరీక్ష, యంత్రం అమరిక, తర్వాతి సలహా ఒకే కప్పు కింద దొరకడం పెద్ద మేలు. శిబిరం హడావిడిలో ఒక్కో మనిషికి దొరికే సమయం తక్కువ. కేంద్రంలో యంత్రాన్ని ఆ మనిషి ఆడియోగ్రామ్‌కు తగ్గట్టు సరిచేసే తీరిక ఉంటుంది.

రాష్ట్ర ప్రభుత్వాల సొంత సంస్థలు కూడా ఉపకరణాలు ఇస్తాయి. తెలంగాణలో వికలాంగుల సహకార సంస్థ, ఆంధ్రప్రదేశ్‌లో విభిన్న ప్రతిభావంతుల, వయోవృద్ధుల సహాయ సంస్థ ఈ పని చూస్తాయి. ఇవి బడ్జెట్‌ను బట్టి, నోటిఫికేషన్ వచ్చినప్పుడే దరఖాస్తులు తీసుకుంటాయి. జిల్లా కార్యాలయంతో సంబంధం పెట్టుకుని ఉంటేనే ఆ నోటిఫికేషన్ సమయానికి తెలుస్తుంది.

అరవై దాటినవారికి

రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. అరవై నిండి, వయసు వల్ల చూపు, వినికిడి, పళ్లు, నడక దెబ్బతిన్నవారికి వినికిడి యంత్రం, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు, చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ లాంటివి ఉచితంగా ఇస్తారు. పేదరిక రేఖకు దిగువన ఉన్నవారు గానీ, నెలకు 15,000 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారు గానీ అర్హులు. వీటినీ ఆలిమ్‌కోనే పంచుతుంది.

సదరంలో 40 శాతం రాని వృద్ధులకు ఇది పెద్ద ఆసరా. ఇక్కడ కావాల్సింది వైకల్య శాతం కాదు. శిబిరంలోనే వినికిడి పరీక్షించి, వయసు వల్ల తగ్గిందని తేలితే యంత్రం రాసిస్తారు. వయసుకు ఆధార్, ఆదాయానికి రేషన్ కార్డో వృద్ధాప్య పింఛన్ కాగితమో ఆదాయ ధ్రువపత్రమో పట్టుకెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డు, తెలంగాణలో ఆహార భద్రత కార్డు చాలా ఇళ్లలో ఉన్నవే. వృద్ధుల కోసం దేశమంతటా పనిచేసే 14567 నంబరుకు ఫోన్ చేసి దగ్గరలో శిబిరం ఉందేమో అడగవచ్చు.

వృద్ధుల విషయంలో కాగితాల కన్నా కష్టమైనది వాళ్లను ఒప్పించడం. ఇప్పుడెందుకు నాకు, ఇంకెన్నాళ్లు బతుకుతాను అంటారు. కోడలికి పని పెరుగుతుందని భయపడతారు. పెద్దవయసు ఆడవాళ్లయితే అసలు అడగరు. వినికిడి తగ్గిన మనిషి నెమ్మదిగా మాటల్లోంచి తప్పుకుంటుంది, పండగకు అందరూ చేరిన చోట మూలన కూర్చుంటుంది. దాన్ని చాదస్తమని ఇంట్లోవాళ్లు పొరబడతారు. ఆ మనిషిని శిబిరానికి తీసుకెళ్లడానికి ఒక పూట కేటాయించడం కొడుకుల, కూతుళ్ల బాధ్యత.

పిల్లల సంగతి వేరు

పెద్దవాళ్లకు ఆలస్యమైతే ఇబ్బంది పెరుగుతుంది. పసిబిడ్డకు ఆలస్యమైతే మాటే రాదు. మెదడులో మాట నేర్చే భాగాలు తొలి ఏళ్లలోనే శబ్దం కోసం ఎదురుచూస్తాయి. అందుకే వైద్యులు పాటించే లెక్క ఒకటి ఉంది: నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు. చప్పుడుకు ఉలిక్కిపడని, పిలిస్తే తల తిప్పని బిడ్డను చూసి, పెద్దయ్యాక వస్తుందిలే అని బంధువులు చెప్పే మాట వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చి పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను పరీక్షిస్తాయి. వాళ్లు వెదికే లోపాల్లో పుట్టుచెవుడు, వినికిడి లోపం ఉన్నాయి. అనుమానం వస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అంగన్‌వాడీ టీచరు చెప్పినా, బృందం డాక్టరు చీటీ రాసిచ్చినా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ చీటీతోనే ఉచిత పరీక్షల దారి తెరుచుకుంటుంది.

బడికి వెళ్లే పిల్లలకు ఇంకో దారి సమగ్ర శిక్ష. పాఠశాల విద్య కోసం నడిచే ఆ పథకం కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం అక్కడ శిక్షణ పొందిన టీచర్లుంటారు. వాళ్లు ఏర్పాటుచేసే గుర్తింపు శిబిరాల్లో వినికిడి యంత్రాలకు పిల్లల పేర్లు రాసుకుంటారు. ప్రధానోపాధ్యాయుణ్ని అడిగితే మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో చెబుతారు.

రెండు చెవులూ దాదాపు పూర్తిగా వినపడని బిడ్డకు మామూలు యంత్రంతో ఫలితం రాకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ చేస్తారు. ఆపరేషన్ చేసి లోపలి చెవిలో ఎలక్ట్రోడ్లు అమర్చి, చెవి వెనక బయట ప్రాసెసర్ పెడతారు. ఈ మొత్తం లక్షల్లో ఖర్చు. అడిప్ కింద కేంద్రం ఒక్కో బిడ్డకు 7 లక్షల రూపాయల దాకా భరిస్తుంది. పుట్టుకతోనే వినపడని పిల్లలకు ఐదేళ్లలోపే చేయాలి. ముంబయి అలీ యావర్ జంగ్ సంస్థ దీన్ని దేశవ్యాప్తంగా చూస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో తల్లిదండ్రులు ఎక్కువగా వెళ్లేది ఆరోగ్యశ్రీ దారిలో. 2007లో మొదలైన ఆ పథకం తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. వయసు పరిమితి ఖచ్చితంగా చూస్తారు కాబట్టి నిర్ధారణ ఆలస్యమైన బిడ్డకు అర్హత కూడా జారిపోయే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ బాగా జరిగింది కదా అని ఇంటికి వచ్చేస్తే పని సగంలో ఆగినట్టే. ప్రాసెసర్‌ను బిడ్డకు తగ్గట్టు సరిచేసే మ్యాపింగ్‌కు మళ్లీమళ్లీ వెళ్లాలి. నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్లు, స్పీచ్ థెరపీ చేయించాలి. పల్లెనుంచి నగరానికి వారానికి రెండుసార్లు వెళ్లే కూలి తల్లికి బస్సు చార్జీలూ పోయే కూలీ కలిపితే అదే పెద్ద భారం. అందుకే దగ్గరలో థెరపీ ఎక్కడ దొరుకుతుందో, ఇంట్లో ఏమేం చేయించాలో ఆపరేషన్‌కు ముందే అడిగి తెలుసుకోవాలి. గ్యారంటీ గడువు దాటాక తెగిపోయే తీగ, చెడిపోయే కాయిల్, అరిగిపోయే బ్యాటరీ కొనాల్సింది తల్లిదండ్రులే. ఇవి వేలల్లో ఉంటాయి. ప్రాసెసర్ మీద గ్యారంటీ ఎన్నేళ్లో కాగితం మీద రాయించుకుని, దాని సీరియల్ నంబరు భద్రపరచాలి.

ఉద్యోగులు, కార్మికులు, మాజీ సైనికులు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకూ పెన్షనర్లకూ సీజీహెచ్‌ఎస్ ద్వారా వినికిడి యంత్రం వస్తుంది. ప్రభుత్వ ఈఎన్‌టీ నిపుణుడి సిఫార్సు, ఆడియోగ్రామ్ కావాలి. యంత్రం రకాన్ని బట్టి గరిష్ఠ ధర నిర్ణయించి ఉంటుంది, ఆ పైన సొంతంగా భరించాలి. మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ ఉంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్‌ఐలో ఉన్న కార్మికులూ వాళ్ల మీద ఆధారపడ్డ కుటుంబ సభ్యులూ ఈఎస్‌ఐ ఆసుపత్రిలో అడగాలి. వైకల్యం ఉన్న కార్మికులకు ఈ పరిమితి 25,000. మిల్లుల్లో, మరమగ్గాల దగ్గర, రాళ్ల క్వారీల్లో ఏళ్లతరబడి చప్పుడులో పనిచేసి వినికిడి పోగొట్టుకున్నవారు ఇక్కడ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు తమ ఆరోగ్య పథకం నిబంధనలు శాఖా కార్యాలయంలో చూసుకోవాలి.

ఏ పథకంలోనూ ఇమడక సొంతంగా కొనేవారు కొన్ని విషయాలు తెలుసుకుని ఉండాలి. వినికిడి యంత్రాల మీద జీఎస్‌టీ లేదు. బిల్లులో పన్ను వేస్తే ఎందుకని అడగాలి. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టేవారు 40 శాతం సర్టిఫికెట్ ఉంటే 80యూ సెక్షన్ కింద 75,000 రూపాయలు, 80 శాతం లేదా అంతకు మించిన తీవ్ర వైకల్యానికి 1,25,000 రూపాయలు మినహాయింపు అడగవచ్చు. ఆధారపడిన కుటుంబ సభ్యులకైతే 80డీడీ సెక్షన్ వర్తిస్తుంది. ఇక ఉచిత పరీక్ష అని హోటల్ గదుల్లో బోర్డు పెట్టే చోట పరీక్ష చేసే వ్యక్తికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడాలి. ఆన్‌లైన్‌లో వెయ్యి రెండువేలకు అమ్మే చప్పుడు పెంచే పరికరాలు వినికిడి యంత్రాలు కావు. అవి అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచి ఉన్న వినికిడికి కూడా హాని చేయగలవు.

యంత్రం చేతికొచ్చాక

పంపిణీ శిబిరంలో యంత్రం తీసుకునేటప్పుడు అక్కడే పెట్టుకుని మాట వినపడుతోందో లేదో చూసుకోవాలి. కూత వస్తుంటే చెవిలో పెట్టే ఇయర్ మోల్డ్ వదులుగా ఉందని అర్థం. చెవి అచ్చు తీసి చేసే మోల్డ్ అయితే సరిగ్గా కూర్చుంటుంది. పిల్లల చెవి ఎదుగుతుంది కాబట్టి వాళ్ల మోల్డ్ తరచూ మార్చాలి. గ్యారంటీ కార్డు, బాగుచేయించే చోటు చిరునామా అడిగి తీసుకోవాలి.

మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు, ఫ్యాన్ మోత, బయట హారన్ భరించలేనట్టు అనిపిస్తాయి. ఏళ్లతరబడి వినని శబ్దాలకు మెదడు మళ్లీ అలవాటు పడాలి. మొదట రోజుకు గంటో రెండు గంటలో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్కరితో మాట్లాడుతూ మొదలుపెట్టి, క్రమంగా సమయం పెంచాలి. ఈ ఓపిక లేకనే ప్రభుత్వం ఇచ్చిన ఎన్నో యంత్రాలు అల్మరాల్లో ఉండిపోతున్నాయి. శబ్దం ఎక్కువ తక్కువలు సరిచేయించడానికి ఇచ్చినచోటికి మళ్లీ వెళ్లడం హక్కు, మొహమాటపడనక్కర్లేదు.

బటన్ బ్యాటరీల్లో జింక్ ఎయిర్ రకం స్టిక్కర్ తీసిన క్షణం నుంచి ఖర్చవడం మొదలవుతుంది. స్టిక్కర్ తీసి ఒక నిమిషం ఆగి పెడితే బాగా పనిచేస్తుంది. యంత్రం పరిమాణాన్ని బట్టి వారం నుంచి రెండు వారాలు వస్తుంది. ఈ ఖర్చు పథకం భరించదు కాబట్టి నెలకు కొంత పక్కన పెట్టుకోవాలి. రాత్రి తీసి బ్యాటరీ తలుపు తెరిచి ఉంచాలి. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో సిలికా జెల్ ఉన్న చిన్న డబ్బాలో పెట్టడం మంచిది. మోల్డ్‌ను యంత్రం నుంచి విడదీసి గోరువెచ్చని నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. యంత్రానికి మాత్రం నీరు తగలకూడదు.

దరఖాస్తు పెట్టి నెలలు గడిచినా జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. శిబిరం చీటీ, సర్టిఫికెట్ జిరాక్సు జతచేసి, అర్జీకి రసీదు తీసుకోవాలి. అక్కడా కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయవచ్చు. యంత్రం తీసుకుని మూడేళ్లు నిండి, అది బాగుచేయడానికి వీలు లేకుండా చెడిపోతే, కొత్త ఆడియోగ్రామ్‌తో అడిప్ కింద మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.